మూడు దోవల కాడ విరిగిన కాలు

కర్ర పట్టుకుని నడిచేవాడు కనబడితే చాలు, మా బాగేపల్లిలో ప్రతివాడూ వైద్యుడే. ఒకడు నువ్వులనూనె రుద్దమంటాడు. ఇంకొకడు కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి కట్టమంటాడు. మూడోవాడు నా మోకాలు పట్టుకుని వంచబోయి, నేను కేక పెడితే నావైపే కోపంగా చూసి పోతాడు. అందరూ కాలి సంగతే అడిగారు. ఆ ఏడాదంతా లోపల ఎట్లా ఉండిందని మాత్రం ఒక్కడూ అడగలేదు. ఇప్పుడు గండం గడిచింది కాబట్టి అది రాస్తున్నాను. రాస్తే నాకు కొంచెం నిమ్మళంగా ఉంటుంది. రేపు ఇంకెవడైనా ఇట్లా మంచాన పడితే, ఈ దిగులు తనొక్కడికే రాలేదని తెలుసుకుంటాడు.

నా పని పల్లెపల్లెకూ తిరిగి మశూచి టీకాలు వేయడం. అరవైలు అప్పుడే మొదలైన రోజులవి. ఆరోగ్య ఇలాఖాలో నా పేరు నారాయణప్ప. పల్లెల్లో ఆ పేరు ఎవరికీ తెలియదు, టీకాలప్ప అంటేనే తెలుసు. టీకాలప్ప వస్తున్నాడంటే పిల్లలు గడ్డివాముల వెనక దూరేవాళ్లు. తల్లులు కొంగులో బిడ్డను దాచుకుని, "అమ్మవారికి కోపమొస్తాది, నా బిడ్డను ముట్టద్దప్పా" అని ఏడ్చేవాళ్లు. అమ్మవారికీ ఈ సూదికీ పగేమీ లేదు తల్లీ అని నేను గొంతు నొప్పి పుట్టేదాకా చెప్పేవాణ్ణి. ఒప్పుకుని టీకా వేయించుకున్నాక బిడ్డకు జ్వరం తగిలితే, వాళ్లు నన్ను తిట్టిన తిట్లు ఈ కాగితం మీద రాయలేను.

ఆ తిట్లకు నేను భయపడలేదు, మా అమ్మ భయపడింది. అక్కయమ్మ అని మా అమ్మ పేరు. ఇంతమంది ఆడవాళ్ల ఏడుపు తగిలితే కొడుకు బతకడని ఆమె దిగులు. అందుకని ప్రతి అమావాస్య సాయంత్రం నన్ను గడప ముందు కూర్చోబెట్టి బూడిదగుమ్మడికాయ, నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, పళ్లెంలో ఎర్రనీళ్లు పెట్టుకుని దిష్టి తీసేది. తీసిందంతా మూడు దోవల కాడ పారబోసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేది. మా ఇంటి నుంచి కేకేస్తే వినబడేంత దూరంలో పరగోడు నుంచి వచ్చే మట్టిదోవ తారురోడ్డును కలుస్తుంది, అదే మూడు దోవలు. బెంగళూరికీ హైదరాబాదుకూ పోయే లారీలన్నీ ఆ రోడ్డు మీదే. అక్కడ పారబోసిన దిష్టిని ఎవరూ తొక్కకూడదు. ఎవరికి తీశారో వాడు అసలే తొక్కకూడదు, తొక్కితే తీసిందంతా మళ్లీ వాడికే తగులుకుంటుందని మా వైపు నమ్మకం. నేను నవ్వేవాణ్ణి. నవ్వుతూనే గడప ముందు కూర్చునేవాణ్ణి, తల్లి సంతోషం కోసం కూర్చుంటే నాదేం పోయిందని.

మాఘం

ఆ పొద్దు అమావాస్య మర్నాడు. పరగోడు వైపు పిల్లలకు జ్వరాలని కబురొస్తే పొద్దున్నే బయలుదేరాను. భుజాన టీకాల సంచి, చేతిలో గొడుగు. మూడు దోవల కాడికి వచ్చేసరికి మంచు ఇంకా పూర్తిగా విడవలేదు.

అక్కడ రోడ్డు పక్క మట్టి చాలా ఇరుకు. ఒకవైపు చింతమాను, దాని వెనక గుంత, ఇంకోవైపు తారు. మధ్యన ఒక మనిషి నడవడానికి మాత్రం చోటుంటుంది. సరిగ్గా ఆ చోటులోనే మా అమ్మ పగలగొట్టిన గుమ్మడికాయ కుంకుమ పూసుకుని పడి ఉంది. చుట్టూ మిరపకాయలు, ఎండిపోయిన ఎర్రనీళ్ల మరక. అది మా అమ్మదేనని నాకు తెలుసు, ఆ కాయను సంత నుంచి మోసుకొచ్చింది నేనే.

ఇంతమంది తల్లులకు భయం వద్దని చెప్పినవాణ్ణి, ఆ గుమ్మడికాయ చెక్కలను చూసి తారు మీదికి తప్పుకున్నాను. ఆలోచించి తప్పుకోలేదు. చిన్నప్పటి నుంచి అలవాటైన కాలు, దాని పాటికి అదే పక్కకు పడింది. వెనక నుంచి వేరుశనగ మూటల లారీ వస్తోందని నేను చూసుకోలేదు.

దెబ్బ తగిలినప్పుడు నొప్పి తెలియలేదు. గొడుగు ఎగిరి గుంతలో పడటం మాత్రం చూశాను. లేద్దామని చూస్తే ఒక కాలు నా మాట వినలేదు, అది తిరిగి ఉన్న తీరు చూసి నాకు కళ్లు తిరిగాయి. లారీ ఆపి డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. నడివయసు మనిషి. నా తల ఒళ్లో పెట్టుకుని, "సచ్చిపోవద్దన్నా, నీ కాళ్లు పట్టుకుంటా, సచ్చిపోవద్దన్నా" అని నాకంటే ఎక్కువగా ఏడ్చాడు. ఊళ్లో నుంచి జనం వచ్చి అతన్ని కొట్టబోయారు. అతడు దెబ్బలు తింటూనే మూటల మధ్య గోనెసంచులు పరిచి నాకు పడక చేశాడు.

అప్పుడు మా అమ్మ వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి, జనాన్ని తోసుకుంటూ వచ్చి నా మొహం మీదికి వంగింది. "యాడ తగిలింది?" అని అడగలేదు.

"తొక్కినావా నాయనా? తొక్కలేదు గదా?"

"లేదమ్మా, తప్పుకుంటిని."

"అమ్మయ్య! అందుకే ప్రాణంతో ఉండావు" అని రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టింది.

తప్పుకోబట్టే కాలు పోయిందే తల్లీ అని అరవాలనిపించింది. ఆలోపే లారీ కదిలింది.

ఫాల్గుణం

చిక్కబళ్లాపురం ఆసుపత్రి వరండాలో నన్ను చాప మీద పడుకోబెట్టారు. మంచం ఖాళీ కావాలంటే ఎవరో ఒకరు బాగుపడి పోవాలి, లేదా ఊరికే పోవాలి. ఒక ముసలాయన ఊరికే పోయాడు. ఆయన మంచం నాకొచ్చింది. పక్కదుప్పటి మార్చారు కానీ ఆయన తల ఆనించిన గోడ మీద నూనె మరక అట్లాగే ఉంది. దాన్ని చూస్తూ పడుకోవడం నాకు ఇప్పటికీ మరపు రాదు.

మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయన్నారు. తొడ దాకా సుద్దకట్టు కట్టారు. లోపల దురద పుడితే గోక్కోలేక నేను పసిబిడ్డలా ఏడ్చాను. నా భార్య రత్నమ్మ ఆసుపత్రి వెనక మూడు రాళ్లు పెట్టి వండేది. ఎండలో, పొగలో, ఎవరో తిడితే పొయ్యి ఇంకోచోటికి మార్చుకుంటూ వండేది. కూలివాళ్ల ఆడవాళ్లు కట్టెలు ఇచ్చేవాళ్లు. వార్డు తుడిచే అవ్వ ఒకామె, నాకు మలబద్ధకమని తెలిసి తన ఇంటి నుంచి అరటిపండ్లు కొంగున కట్టుకుని తెచ్చింది. ఎవరు ఆమెకు నేను? డబ్బులు ఇవ్వబోతే మొహం తిప్పుకుంది.

మా ఇన్‌స్పెక్టరు ఒకసారి వచ్చి చూశాడు. నారింజపండ్లు తెచ్చాడు. "రజా గురించి నువ్వు యోచన చేయద్దు నారాయణప్పా. రెస్టు తీసుకో. పల్లెలకు ఇంకో పిల్లోణ్ణి పంపిస్తాండాము" అన్నాడు. రజా అంటే మా వైపు సెలవు. మంచి మాటే అది. కానీ ఇంకో పిల్లోడు అన్నప్పుడు నా గుండెలో రాయి పడింది. నా పనికి కాళ్లే పెట్టుబడి. రాతపని చేసేవాడు కుంటివాడైనా కుర్చీలో కూర్చుంటాడు. పల్లెలు తిరగలేని టీకాలవాణ్ణి ఇలాఖా ఏం చేసుకుంటుంది? ఆ రోజు నుంచి నేను తిన్నా పడుకున్నా ఒకటే చింత. నేను మళ్లీ పరగోడు దాకా నడుస్తానా, నడవనా?

నా పక్క మంచంలో మునివెంకటప్ప ఉండేవాడు. సాదలి అనే ఊరి మనిషి. పట్టుపురుగులు పెంచే ఇళ్లకు మల్బరీ ఆకు కోసి మోసేవాడు. తలమీద ఆకుమూట ఉంటే పక్కకు చూడలేడు కదా, అట్లా నడుస్తుంటే ఒక జీపు తగిలి కాలు విరిచింది. నాకున్నంత సుద్దకట్టే అతనికీ ఉంది. నాకు దిగులు ముదిరినప్పుడల్లా అతడు ఏదో ఒక ఎకసెక్కం ఆడేవాడు. "ఏం టీకాలప్పా, మనిద్దరినీ జతకట్టి బండికి కడితే రెండు మంచి కాళ్లతో లాగుతామేమో!" అనేవాడు. వార్డంతా నవ్వేది.

ఒకరోజు పొద్దున అతడు మంచం అంచున కూర్చుని పంచె సర్దుకుంటున్నాడు. కట్టు ఇంకా తీయలేదు. ఎక్కడికి అన్నాను.

"పోతాండాను. ఊర్లో పురుగు ముదిరిపాయంట. ఇప్పుడు రేయింబగళ్లు మేస్తాది. ఆకు కోసేకి మనుషుల్లేరంట."

"కట్టు తీయకుండా పోతే ఎముక వంకరైపోతుంది. డాక్టరు చెప్పలేదా? ఇంకొన్నాళ్లు ఉండు."

"నీకు ఇలాఖా ఉండాది, రజా ఇస్తాది. నాకు రజా ఇచ్చేదెవురప్పా? పురుగిస్తాదా?"

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. అతని పెళ్లాం చంక కింద చెయ్యేసి నడిపించుకుపోయింది. గేటు దాటేదాకా ఒంటికాలి మీద గెంతుతూ పోయాడు. ఆ మంచంలోకి సాయంత్రానికి ఇంకెవరో వచ్చారు.

వైశాఖం, జ్యేష్ఠం

కట్టు విప్పి ఇంటికి పంపారు. బయటపడ్డ కాలు నాది కాదనిపించింది. పుల్లలా సన్నగా, పొట్టు రాలుతూ ఉంది. మోకాలు వంగదు. దొడ్డికి పోవాలన్నా మనిషి కావాలి. పల్లెల్లో గట్టిగా కేకలేసి తిరిగినవాణ్ణి, పెళ్లాం వచ్చేదాకా గోడ పట్టుకుని నిలబడి ఎదురుచూసేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మీదే విసుక్కునేవాణ్ణి.

సగం జీతం రజా మొదలైంది. రత్నమ్మ హోటళ్లకు ఇస్తరాకులు కుట్టడానికి ఒప్పుకుంది. ఆమె ఆకులు కుడుతుంటే మా అమ్మ దిష్టి తీసేది. ఇప్పుడు అమావాస్యకు ఆగేది కాదు. ఆదివారమూ తీసేది, మంగళవారమూ తీసేది. చూడ్డానికి ఎవరైనా వచ్చి, "పాపం, చక్కగా నడిచే మనిషి" అంటే చాలు, వాళ్లు వీధి మలుపు తిరగకముందే మిరపకాయలు చేతికి తీసుకునేది. తీసింది మళ్లీ ఆ మూడు దోవల కాడికే.

ఒకనాడు రత్నమ్మ ఉండబట్టలేక అంది. "అత్తా, అది రోడ్డు పక్కన పారేయొద్దు. పెరట్లో గుంత తీసి పూడ్చేద్దాము."

"ఇంటి దిష్టి ఇంట్లోనే పూడిస్తే యాడికి పోతాదే? మళ్లీ వాడి మీదికే గదా వచ్చేది?"

"ఇప్పుడు మాత్రం వచ్చిందేమి తక్కువనా? నువ్వు ఆడ పారబోయకపోయింటే ఈయన తారు మీదికి ఎందుకు పోతాడు?"

మా అమ్మ పళ్లెం కింద పెట్టేసింది. తర్వాత చాలా మెల్లగా, "నా బిడ్డ కాలు నేనే విరిస్తినని అంటాండావా?" అంది.

రత్నమ్మ సూది కింద పడేసి లోపలికి పోయింది. ఇద్దరూ ఎదురెదురుగా వంటింట్లో తిరుగుతూ రోజుల తరబడి మాట్లాడుకోలేదు. ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరు నాతో చెప్పేవాళ్లు. "మీ అమ్మను అన్నానికి రమ్మనండి." "నీ పెళ్లానికి చెప్పు, నాకు ఆకలి లేదని." మధ్యలో నేను గోడలా పడి ఉండేవాణ్ణి. ఒకరోజు ఒళ్లు మండి చేతిలో చెంబు గోడకేసి కొట్టాను. ఇద్దరూ వచ్చి నీళ్లు తుడిచారు. మాట్లాడుకోకుండానే తుడిచారు.

ఎవరిది తప్పని నన్నడిగితే ఏం చెప్పను? రత్నమ్మ చెప్పింది నా మనసులో మాటే. కానీ మా అమ్మ కళ్లు చూశాక ఆ మాట నా నోట రాలేదు. నేను బతికి ఉండటానికి కారణం ఆ తప్పుకోవడమేనని ఆమె నమ్మింది. ఆ నమ్మకం తీసేస్తే ఆమెకు మిగిలేది, కొడుకు కాలు తనే విరిచానన్న మాట. అది ఆమె మోయలేదు.

భాద్రపదం

వానలు పడ్డాయి. కర్రతో ఇంట్లో నడిచాను, వీధిలో నడిచాను. వీధి చివర నుంచి మూడు దోవలు కనబడతాయి. అక్కడిదాకా వచ్చేసరికి లారీ మోత వినబడితే చాలు, నా ఒళ్లంతా చెమట పట్టేది. కాలు నొస్తోందని చెప్పి తిరిగొచ్చేసేవాణ్ణి. నిజంగా నొచ్చేది కూడా. కాలు ముందు నొస్తుందో, భయం ముందు పుడుతుందో నాకే తెలిసేది కాదు. ఎముక విరిగినవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను. ఎముకకు కట్టు కట్టారు. భయానికి ఎవరూ ఏమీ కట్టలేదు.

ఒకసారి ఇచ్చిన రజా అయిపోయింది, ఇంకోసారి పొడిగించారు. మూడోసారికి ఇన్‌స్పెక్టరే ఇంటికొచ్చాడు. ఈసారి నారింజలు లేవు. నిలబడే మాట్లాడాడు.

"నడిచేకి అయితాదా, కాదా నారాయణప్పా? సత్యం చెప్పు. ఆ పిల్లోడు బాగానే పని చేస్తాండాడు. పై ఆఫీసువాళ్లు అడుగుతాండారు."

"అయితాది సార్. ఇంకొంచెం..."

"దసరా గడిచినాంక చింతామణికి పోయి డాక్టరుకు చూపించు. ఆయన అవుతాదంటే పనికి రా. కాదంటే నేనేమీ చేయలేను."

ఆ రోజు సాయంత్రం రత్నమ్మ నాకు నచ్చిన ఉలవచారు చేసింది. అది తింటుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆశ్వయుజం

చింతామణిలో ఆసుపత్రి బల్ల మీద పొద్దున్నించి కూర్చున్నాను. నా అటుపక్క స్కూలు జవాను, ఇటుపక్క నూనెమిల్లు మేస్త్రి. ఒకరికి మోటారుసైకిలు తగిలింది, ఇంకొకరికి బస్సు. అందరం దోవన నడుస్తూ తగిలించుకున్నవాళ్లమే. మిల్లు మేస్త్రి నవ్వుతూ అన్నాడు. "మా సావుకారు మంచోడప్పా. నా చోటులో ఇంకోణ్ణి పెట్టుకొని, నువ్వు బాగయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్యాడు. ఇప్పుడు బాగైపోతే ఆ ఇంకోణ్ణి ఏం చేయాలని నన్నే అడుగుతాండాడు."

మా ముగ్గురి కథా ఒకటేనని ఆ బల్ల మీద తెలిసింది. మొదటి రజా అడగకుండానే ఇస్తారు, పండ్లు కూడా తెస్తారు. రెండోది అడిగితే ఇస్తారు. మూడోది అడిగేసరికి మన కాలు చూడరు, మొహం చూస్తారు, వీడు నిజం చెబుతున్నాడా అని. జవాను ఒకసారి పనిలో చేరాడట. చేరాక వాన పడితే ఒకరోజు, మెట్లెక్కిన మర్నాడు ఒకరోజు, ఇట్లా చిల్లర రజాలు పెడుతూ పోయాడు. ఆ చిల్లర రజాల మీదే వాళ్ల ఐవారికి, అంటే స్కూలు హెడ్మాస్టరుకు కోపమట. "కాలు పోయినప్పుడు పెట్టిన పెద్ద రజాకి ఏమీ అనలేదు సామీ, ఈ ఒక్కొక్క రోజుకే తిడతాండాడు" అన్నాడు. అప్పుడది విని నవ్వాను. తర్వాత నాకూ అట్లాగే జరిగింది.

డాక్టరు నా కాలు నొక్కి చూసి ఎముక బాగా కూడింది, నడవొచ్చన్నాడు. మోకాలు మాత్రం ఇంతే, పూర్తిగా వంగదన్నాడు. సంతోషపడాల్సిన మాట. నాకేమో ఉరిశిక్ష వేసినట్టయింది. ఇంక కాలి పేరు చెప్పుకోవడానికి లేదు.

బస్‌స్టాండులో మూటలెత్తేవాళ్ల మధ్య మునివెంకటప్ప కనిపించాడు. ముందు అతన్ని కాదు, అతని నడకను చూశాను. కాలు మోకాలి కింద పక్కకు వంగి అతుక్కుంది. అడుగు తీసి అడుగు వేస్తుంటే మనిషంతా ఒక పక్కకు ఒరిగి లేస్తున్నాడు. వీపు మీద ఉల్లిగడ్డల మూట. నన్ను చూసి మూట దించి, "ఏం టీకాలప్పా, బాగైతివా?" అన్నాడు.

"నేను బాగయ్యాను. నువ్వు?"

"నాకు బాగయ్యేకి పొద్దు యాడ ఉండాది? ఈ వంకర కాలితో గట్లెక్కి ఆకు కోసేకి కాదు, దానికే ఈడికొస్తిని." నా కాలు కిందికీ పైకీ చూసి, "చూడు, ఎంత నేరుగా ఉండాదో! రజా ఇచ్చిన కాలప్పా అది" అన్నాడు. అందులో అసూయ లేదు. మెచ్చుకోలుగానే అన్నాడు. అతనికి కాఫీ ఇప్పించాను. అంతకంటే ఏం చేయాలో తెలియలేదు. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ నా నేరు కాలిని చూసుకుంటూ కూర్చున్నాను. ఇంత నేరైన కాలు పెట్టుకుని నేను వీధి చివర దాటలేకపోతున్నాను.

కార్తీకం

దీపావళి అమావాస్య మర్నాడు పనిలో చేరాలి. ముందురోజు సాయంత్రం మా అమ్మ నన్ను గడప ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది, కింద కూర్చోలేను కాబట్టి. ఎప్పటికంటే పెద్ద గుమ్మడికాయ తెప్పించింది. ఎప్పటికంటే ఎక్కువసార్లు తిప్పి దిష్టి తీసింది. రత్నమ్మ వాకిట్లో ప్రమిదలు పెడుతూ ఆ వైపు చూడలేదు.

పొద్దున రత్నమ్మ టీకాల సంచి భుజానికి తగిలించి, "మెల్లగా పోండి. కాదనిపిస్తే తిరిగొచ్చేయండి. ఏమైనా చేసుకుని బతుకుదాము" అంది. అమ్మ గుమ్మంలో నిలబడి దండం పెట్టుకుంటోంది. నేను కర్ర పట్టుకుని నడిచాను. వీధి చివర దాటాను. ఆగకుండా నడిచాను.

చింతమాను కాడ, ఆ ఇరుకు మట్టిలో, గుమ్మడికాయ రెండు చెక్కలై పడి ఉంది. ఎర్రగా. నా కాళ్లు అక్కడే నిలిచిపోయాయి.

ఎదురుగా పరగోడు దోవ నుంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒకామె వస్తోంది. రోడ్డెక్కి ఇటు తిరిగింది. గుమ్మడికాయ చూసింది. చూసి, మోపుతోనే తారు మీదికి దిగింది. ఆమె వెనక బస్సు వస్తోంది. గడ్డి చెవుల మీదికి వేలాడుతోంది, ఆమెకు వినబడలేదు.

"అమ్మా, పక్కకు రా!" అని నేను అరిచిన అరుపు పల్లెల్లో టీకాలకు కూడా ఎప్పుడూ అరవలేదు. ఆమె ఉలిక్కిపడి మట్టిలోకి దూకింది. మోపు జారి రోడ్డు మీద పడింది. బస్సు దాని మీదుగా పోయింది. డ్రైవరు తిట్లు దుమ్ములో వినబడుతూ పోయాయి.

ఆమె చింతమానుకు ఆనుకుని ఆయాసపడుతూ, "దేవుడే కాపాడినాడప్పా" అంది.

నేను గుమ్మడికాయ దగ్గరికి పోయాను. వంగి చేత్తో తీద్దామంటే మోకాలు వంగదు. కర్రతో తోస్తే మట్టిలో కూరుకుంది, కదల్లేదు. కర్ర మీద బరువు వేసి, ఆ విరిగిన కాలే ఎత్తి దాని మీద పెట్టాను.

"అయ్యో, తొక్కద్దప్పా! ఎవురిదో ఏమో!" అని ఆమె కేక పెట్టింది.

"నాదేనమ్మా" అన్నాను.

ఒక్కొక్క చెక్కనే కాలితో నూకుతూ గుంతలో పడేశాను. మిరపకాయలు, నిమ్మకాయ, అన్నీ. చెప్పు జారిపోతే ఉట్టి కాలితోనే నూకాను. పాదమంతా ఎర్రనైంది. లోపల ఎముక గీరినట్టు నొచ్చింది. భయం పోయిందని అబద్ధం చెప్పను, ఇంకో లారీ మోత వినబడగానే చింతమానును కౌగిలించుకున్నాను. కానీ ఆమె చెదిరిన గడ్డిని మళ్లీ మోపు కట్టుకుంటే, నెత్తికెత్తుకోవడానికి ఒక చెయ్యి వేసి, పరగోడు దాకా నడిచాను. పిల్లలు గడ్డివాముల వెనక దూరారు. వాళ్లను చూసి ప్రాణం లేచొచ్చింది.

పొద్దు గూకేలోగా ఇల్లు చేరాను. మా అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది, పొద్దున్నించి అన్నం తినలేదట. లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది. నా పాదం చూసింది. చెంబు చేతిలో అట్లాగే ఆగిపోయింది.

"తొక్కితివా?"

"తొక్కితినమ్మా."

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కింద కూర్చుని, నా పాదం ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు పోసి వేళ్ల సందుల్లో ఎరుపంతా చేత్తో రుద్ది కడిగింది. రత్నమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"నొస్తాండాదా?"

"నొస్తాండాది."

"నిన్నటికన్నా ఎక్కువనా?"

ఆమె కోసం కాదు, నిజం కోసమే ఆలోచించి చూశాను. "లేదమ్మా. నిన్న ఎంతో ఈ పొద్దూ అంతే."

మా అమ్మ కడగడం ఆపింది. నా పాదాన్ని అట్లాగే పట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. లారీ మీద నన్ను ఎత్తిననాటి నుంచి ఆమె కంట నీళ్లు నేను చూడలేదు.

"అట్లయితే ఆ పొద్దు కూడా తొక్కేసి పోయింటే అయిపోయేది గదా నాయనా" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

రత్నమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుని, చేతిలో నుంచి చెంబు తీసుకుంది.